మునగ చెట్టు పురుగు, పిల్లాడి దద్దుర్లు

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పెరట్లో మునగ మానంతా గొంగళి పురుగులు పట్టాయని, చిన్నాడి మెడ మీద దద్దుర్లు లేచాయని చెప్పావు కదా. మీ అత్తగారు గోనెపట్టాతో రుద్దమన్నారట. ఆ పని మాత్రం చేయకు. పెద్దావిడ మాట కాదనలేకపోతే నా పేరు చెప్పు.

దురదంతా ఆ పురుగు ఒంటి మీది నూగుతోనే. అది విరిగి చర్మంలో గుచ్చుకుంటుంది. రుద్దేకొద్దీ లోపలికి దిగుతుంది, చేతులకు అంటుకుని పక్కకీ పాకుతుంది. బూడిద, పసుపు పెట్టి రుద్దినా అంతే.

మళ్లీ మీద పడితే నలపకుండా పుల్లతో తీసెయ్. ఆ చోట సెల్లోటేపు అంటించి లాగు, ప్రతిసారీ కొత్త ముక్కతో. నూగు దానికే అంటుకొచ్చేస్తుంది. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, తువ్వాలుతో ఒత్తకుండా గాలికి ఆరనివ్వు. గుడ్డలో చుట్టిన ఐసు, కాలమైన్ లోషన్ మంటను తగ్గిస్తాయి. దురదకు సెట్రిజిన్ ఉంది గానీ, పిల్లాడికి ఎంత వేయాలో డాక్టరునే అడుగు. వాడి బట్టలు విడిగా వేడినీళ్లలో ఉతుకు.

కంట్లో పడితే మాత్రం ఇంటి వైద్యం వద్దు. నలపనివ్వకుండా నీళ్లతో కడిగి, అదే రోజు కంటి డాక్టరుకి చూపించు. నూగు నల్లగుడ్డులోకి దిగే ప్రమాదం ఉంది. పెదాలు వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్.

అల్లుడుగారు చెట్టు కొట్టించేద్దామంటున్నారట. పాపం, చెట్టేం చేసింది? ఇంటి ముందు మునగ ఉండకూడదని మనవాళ్లు అనేదానికి అసలు కారణం ఈ పురుగులేనేమో అని నా అనుమానం. ఇవి రాత్రి ఆకు మేసి, పగలు మాను మీద గుంపుగా ఉంటాయి. మా ఊళ్లో కాగడాతో కాల్చేవాళ్లు. ఇల్లు ఆనుకుని ఉన్నచోట అది వద్దు, నూగు గాలికి లేస్తుంది. గాలి లేని పొద్దున, నిండు చేతుల చొక్కా, చేతులకు గ్లవుజులు, ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పొడుగు కర్రతో సబ్బునీళ్ల బకెట్లోకి రాల్చమను. చచ్చిన పురుగు నూగూ, అది విడిచిన కుబుసమూ అంతే దురద పెడతాయి కాబట్టి చీపురు పట్టకుండా గొయ్యి తీసి పాతేయండి.

ఆ చెట్టు పక్కనున్న దండెం ఈ వానలు తగ్గేదాకా డాబా మీదికి మార్చు. చిన్నాడి బనియన్లు ఆరేది అక్కడే కదా.

మీ పెద్దమ్మ