వ్యాన్ బ్యాటరీకి ఛార్జర్ కొనబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాం. టెంపో ట్రావెలర్‌లో మంచం, స్టవ్వు, చిన్న ఫ్రిజ్జు అన్నీ ముచ్చటగా కుదిరాయి. లోపలి కర్టెన్లు చూసి మీ అత్త, "మనింటికి కూడా ఇలాంటివే వేయించకూడదూ" అని రెండు రోజులుగా నన్ను పోరుతోంది. ఆ ఖర్చు నీ ఖాతాలో రాసుకున్నాను.

ఇక నువ్వడిగిన సంగతి. కన్వర్టర్ 30 ఆంప్స్‌ది కొనాలా, 60 ఆంప్స్‌ది కొనాలా అన్నావు. ఒరేయ్, అది తర్వాత అడగాల్సిన ప్రశ్న. ఇన్ని ఫొటోలు పంపావు గానీ అందులో బ్యాటరీ ఫొటో ఒక్కటీ లేదు. బ్యాటరీ ఏదో చెప్పకుండా ఛార్జర్ అడగడమంటే, కొలతలివ్వకుండా జాకెట్ కుట్టమన్నట్టే.

ముందు ఒక మాట. షాపులో నోరు జారి ఇన్వర్టర్ అని అడిగేవు. మన ఇళ్లలో కరెంటు పోయినప్పుడు ఆదుకునేది ఇన్వర్టర్. అది బ్యాటరీలోని 12 వోల్టులను 230 చేస్తుంది. నీకు కావలసిన కన్వర్టర్, అంటే ఛార్జరే, దానికి ఎదురు పని చేసేది. హోంస్టేలో ప్లగ్ పెడితే 230 వోల్టులు తీసుకుని, లైట్లకూ ఫ్యానుకూ 12 వోల్టుల డీసీ ఇస్తూ, బ్యాటరీని నింపాలి. అమెరికా నుంచి వచ్చే ఫ్రెండు చేత తెప్పిస్తానన్నావు కదా, అక్కడి క్యాంపర్ వ్యాన్లలో వాడే కన్వర్టర్లు చాలావరకు వాళ్ల 120 వోల్టులకు చేసినవి. వాటిని మన ప్లగ్గులో పెడితే పొగే. లేబుల్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే తప్ప సూట్‌కేసులో చోటు దండగ చేయొద్దని చెప్పు.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్తాను విను. పాత ఓమ్నీలో తీర్థయాత్రలు తిరిగే రోజుల్లో బెంగళూరు ఎస్పీ రోడ్డుకెళ్లి, సీసీటీవీ కెమెరాలకు ఇంటి కరెంటును 12 వోల్టులుగా మార్చిచ్చే రేకు డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, ఒకటి తెచ్చాను. 12 వోల్టులు, 30 ఆంప్స్ అని రాసుంది. ధర చవక, నా సంబరం ఎక్కువ. రాత్రంతా పెట్టి పొద్దున మీటర్ పెట్టి చూస్తే 12.1. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండి, కాసేపు ఊరికే ఉన్నప్పుడే 12.6, 12.7 చూపిస్తుంది. 12 ఇచ్చే డబ్బా దాన్నెలా నింపుతుంది? కింది తొట్టిలో నీళ్లు పై తొట్టిలోకి ఎక్కవు కదా. అప్పుడు టెర్మినల్స్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి 13.8కి పెంచాను. ఖాళీ బ్యాటరీ ఒక్కసారిగా లాగేసరికి డబ్బా తట్టుకోలేక టిక్, టిక్ అంటూ ఆగుతూ, మళ్లీ మొదలవుతూ తెల్లవార్లూ అదే పాట. నాలుగు నెలలకు బ్యాటరీ చచ్చింది. ఎప్పుడూ సగం కడుపుతోనే ఉండి, ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుపోయింది. పీణ్యలో ఇరవై ఏళ్లు ప్యానెల్ బోర్డులు బిగించినవాణ్ణి, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

మంచి ఛార్జర్ ఎలా నింపుతుందంటే, మీ అమ్మ కొళాయి కింద బిందె పట్టినట్టు. మొదట కొళాయి పూర్తిగా తిప్పుతుంది, మెడ దాకా వచ్చాక సన్నం చేస్తుంది. ఛార్జర్ కూడా ముందు తన బలమంతా పెట్టి ఆంప్స్ తోస్తుంది. వోల్టేజి 14.4కి చేరాక దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది, అప్పుడు కరెంటు తనంతట తానే తగ్గుతూ వస్తుంది. నిండాక 13.5 దగ్గరికి దిగి కాపలా కాస్తుంది. ఈ మూడు మెట్లూ లేకుండా ఎప్పుడూ 13.6 దగ్గరే ఉండే పాతరకం కన్వర్టర్లు ఇంకా అమ్ముతున్నారు. బ్యాటరీని చెడగొట్టవు గానీ, ఒక్క రాత్రిలో నింపవు కూడా. నువ్వు రాత్రి తొమ్మిదికి హార్స్‌లీ హిల్స్ చేరి పొద్దున ఏడుకి బయల్దేరే మనిషివి. నీకవి పనికిరావు.

ఈ 14.4 కూడా అన్నిటికీ ఒకటి కాదు. లెడ్ యాసిడ్‌లోనే నీళ్లు పోసే ట్యూబులర్ రకానికి దాని దరిదాపుల్లో సరిపోతుంది. జెల్ బ్యాటరీకైతే 14.2 దాటనివ్వొద్దు. లిథియం, అంటే ఐరన్ ఫాస్ఫేట్ రకం, లోపల నాలుగు సెల్స్ ఉంటాయి, 14.2 నుంచి 14.6 దాకా ఒప్పుకుంటుంది. కానీ పాత ఛార్జర్లలో ఉండే ఈక్వలైజ్ అనే వేడుక, అంటే సెల్స్ అన్నిటినీ సమం చేయడానికి కావాలని ఎక్కువ ఛార్జ్ చేయడం, దానికి అస్సలు వద్దు. అందులో వోల్టేజి 15 దాటుతుంది. లోపల కాపలాగా ఉండే బీఎంఎస్ సర్క్యూట్ అడ్డుపడుతుందిలే అని దాని మీద భారం వేయకు. అందుకే బ్యాటరీ లేబుల్ మీద ఛార్జింగ్ వోల్టేజి ఎంత రాశారో ఫొటో తీసి పంపు. లెడ్ యాసిడ్ అయితే ఇంకో చిక్కు, ఎండ. రాసిన అంకె 25 డిగ్రీలకు. అంతకన్నా వేడెక్కితే ఒక్కో డిగ్రీకి 20 నుంచి 30 మిల్లీవోల్టులు తగ్గాలి. మే నెలలో కడప దగ్గర వ్యాన్ ఆపితే సీటు కింద 40 ఉండదూ? బ్యాటరీకి అతికించే సెన్సర్ వైరు ఉన్న ఛార్జర్ దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకో.

ఇప్పుడు నీ ఆంప్స్ లెక్క. నీది 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) ట్యూబులర్ అనుకుంటే, దానికి పదో వంతు, అంటే 15 ఆంప్స్ ఇస్తే హాయిగా ఉంటుంది. ఫ్రిజ్జు తిరిగేటప్పుడు ఓ 5, లైట్లూ ఫ్యానూ కలిపి 3. మొత్తం 23. 30 ఆంప్స్‌ది చాలు. 60 పెట్టినా లెడ్ యాసిడ్‌లో చివరి అయిదో వంతు నిండటానికి పట్టే నాలుగైదు గంటలు తగ్గవు, బిందె మెడ దగ్గర సంగతే అది. 200 ఏహెచ్ లిథియం పెడితేనే 60 గురించి ఆలోచించు. అప్పుడూ ప్లగ్ చూసుకోవాలి. 60 ఆంప్స్ అంటే బ్యాటరీ వైపు 860 వాట్లు, ఛార్జర్ తన వాటా తినగా గోడ నుంచి వెయ్యి వాట్లు లాగుతుంది, నాలుగున్నర ఆంప్స్. హోంస్టేల్లో వదులుగా వేలాడే చిన్న ప్లగ్ పాయింట్‌లో తెల్లవార్లూ అంత కరెంటంటే ప్లగ్ కరిగి అతుక్కుంటుంది. బటన్ నొక్కి కరెంటు తగ్గించుకునే వీలున్నది కొను. ఊళ్లలో వోల్టేజి 170కి పడిపోయినా పనిచేస్తుందా అని కూడా చూడు.

అందరూ తేలిగ్గా తీసుకునేది కేబుల్. మా వీధిలో ఒకాయన, కొత్త ఛార్జర్ పనిచేయట్లేదని కిందటి నెల నన్ను పిలిచాడు. 30 ఆంప్స్ పోతున్నప్పుడు ఛార్జర్ దగ్గర మీటర్ పెడితే 14.4, బ్యాటరీ దగ్గర పెడితే 13.9. అర వోల్టు దారిలోనే ఆవిరి. చూస్తే 6 స్క్వేర్ ఎంఎం వైరు, పోను మూడు మీటర్లు, రాను మూడు మీటర్లు. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. 16 స్క్వేర్ వేసి, వైరు చివర్ల లగ్గులు గట్టిగా నొక్కి బిగించాక తేడా 0.2కి దిగింది. ఆ ఛార్జర్‌ను తిరిగిచ్చేద్దామని బిల్లు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు పాపం.

బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజ్ పెట్టించు. ట్యూబులర్ అయితే ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, ఛార్జర్‌ను దాంతోపాటే మూసిన పెట్టెలో పెట్టకు. ఇంజిన్ నడిచేటప్పుడు ఛార్జింగ్ వేరే కథ, దానికి డీసీ-డీసీ ఛార్జరుంటుంది, దాని గురించి తర్వాత మాట్లాడదాం. ఫ్యాన్ చప్పుడు మాత్రం షాపులోనే విను. తలకింద రాత్రంతా తిరిగేది అదే.

షాపువాణ్ణి ఒక్కటే అడుగు, ఏ బ్యాటరీకి ఎంత వోల్టేజి ఇస్తుందో మాన్యువల్‌లో చూపించమను. "ఎల్లా బ్యాటరీగూ ఆగుత్తె సార్", అంటే అన్ని బ్యాటరీలకూ సరిపోతుంది అని కన్నడంలో అన్నాడంటే దండం పెట్టి పక్క షాపుకి నడువు.

వచ్చే శనివారం నాకు ఖాళీయే. పదకొండుకి చిక్‌పేట మెట్రో దగ్గరికి రా, మీటర్ నేను తెస్తాను. ఆ సందుల్లోకి వ్యాన్ మాత్రం తేవద్దు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, మీ అత్త ఉగ్గాని చేస్తానంది.

మీ మామ