షటర్ చప్పుడుకి గుండె దడ, సెరటోనిన్ మాత్రలు: నా అనుభవం

"మెదడులో సెరటోనిన్ తగ్గితేనే భయాలు పట్టుకుంటాయా? మాత్ర వేసుకుంటే పోతాయా?" అని ఒకరు అడిగారు. సెరటోనిన్ అంటే మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో ఒకటి. దాన్ని ట్యాంకులో నీళ్లు కొలిచినట్టు తక్కువ, ఎక్కువ అనడం నాకు నచ్చదు.

మాది ఒడిశాలోని బరంపురం. 2013 అక్టోబర్ 12, దసరా రోజులు. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరుకు తడుస్తుందని నేను బట్టల కొట్లోనే ఉండిపోయాను. రాత్రంతా షటర్ కొట్టుకుంటూనే ఉంది. ఊడొస్తుందేమోనని దానికి వీపు ఆనించి కూర్చున్నాను. తెల్లారింది, షటర్ ఊడలేదు. కానీ అప్పట్నించి పక్క కొట్టువాడు మామూలుగా షటర్ దించినా నా చేతులు చల్లబడిపోయేవి. టీ గ్లాసు జారిపోయిన రోజులూ ఉన్నాయి.

డాక్టరు ఎస్కిటాలోప్రామ్ రాశారు, మెదడు కణాల మధ్య సెరటోనిన్ ఎక్కువసేపు నిలిచేలా చేసే మాత్ర. మందుల షాపువాడు నలుగురిలో "ఇవి నిద్రమాత్రలా అన్నా?" అన్నాడు. కావు బాబూ. మా బావమరిదేమో "రోజూ రెండు అరటిపళ్లు తిను బావా, సెరటోనిన్ ఉంటుంది" అని వాట్సాప్ పెట్టాడు. పండులో ఉన్న మాట నిజమే, కానీ అది రక్తంలోంచి మెదడులోకి దాటదు. మెదడు తనకు కావలసింది తానే మెదడు కాండంలో, అంటే వెన్నుపాముతో కలిసే అడుగు భాగంలో ఉండే రాఫే అనే కణాల్లో చేసుకుంటుంది. ఆ కణాల తీగలు మెదడులో భయం నేర్చుకునే అమిగ్డలా అనే భాగం దాకా వెళ్తాయి.

మొదటి పది రోజులు దడ తగ్గకపోగా పెరిగింది! మానేశాను. తర్వాత తెలిసింది, మొదట్లో అలా అవుతుందట. ఎలుకలకి శబ్దం వినిపించి షాక్ ఇచ్చే ప్రయోగాల్లోనూ ఇలాంటి మందు ఒక్క డోసు ఇస్తే భయం పెరిగింది, వారాల తరబడి ఇస్తే తగ్గింది. అంటే సెరటోనిన్ భయాన్ని ఆర్పడమే కాదు, నేర్పిస్తుంది కూడా. ఈ ముక్క ముందే చెబితే మానేసేవాణ్ణా? "రాతిరె గొటియె", రాత్రికి ఒకటి అని ఒడియాలో చెప్పి పంపేశారు, అంతే.

మళ్లీ మొదలుపెట్టాక అయిదారు వారాలకి కుదుటపడ్డాను. అప్పుడు మా ఆవిడ రోజూ మధ్యాహ్నం నా చేతే పదేసిసార్లు షటర్ ఎత్తించి దింపించింది. నా లెక్కలో సగం వైద్యం ఆవిడదే. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన "ఏమీ కాలేదు" అనే కొత్త పాఠం చేరుతుంది.

డాక్టరే మెల్లగా తగ్గించి మాత్రలు ఆపించారు. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మళ్లీ చేతులు చల్లబడ్డాయి. కానీ ఈసారి సరుకు ముందురోజే అటకెక్కించి ఇంట్లో పడుకున్నాను. పక్క కొట్టువాడికి షటర్‌కి గ్రీజు రాయవయ్యా అని ఇప్పటికీ చెబుతున్నాను, వినడు.