కోనసీమ ఇసుక మెరకలో బాదం, పిస్తా కాస్తాయా?

రాజోలు వైపు ఎకరం ఇసుక మెరక ఉంది, వేసవిలో తడి పెట్టడం కష్టం, బాదం, పిస్తా, అక్రోట్ ఎండకు తట్టుకుంటాయట కదా, వెయ్యొచ్చా అని అడిగారు. వెయ్యకండి. నేను వేసి నవ్వులపాలైనవాణ్ణి.

2013లో ఒక నర్సరీవాళ్ళు 'కాశ్మీర్ బాదం' అని ఆరు మొక్కలు అంటగట్టారు. రెండో ఏడుకి ఒక్కో ఆకు అరచేతికంటే వెడల్పొచ్చింది. అసలు బాదం ఆకు సన్నగా, కోలగా ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. మా పెద్దమ్మ చూసి, "ఒరేయ్, ఇది మీ బడి దగ్గరుండే బాదం చెట్టేరా, దీనికి డబ్బులిచ్చావా?" అంది. రాళ్ళతో కొట్టుకుని చిటికెడు పప్పు తినేవాళ్ళమే, అదే.

అసలువి తెచ్చినా లాభం లేదండి. ఆ చెట్లకు ఎండ సమస్య కాదు, చలి లేకపోవడం సమస్య. ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలు తగిలితేనే వాటి మొగ్గ సరిగ్గా మేలుకుంటుంది. పిస్తాకైతే ఇంకా ఎక్కువ కావాలి, పైగా ఆడ చెట్టు, మగ చెట్టు వేరు. కాలిఫోర్నియాలో ఎండలు మండినా చలికాలం ఉంది. ఏడు డిగ్రీలు మనం ఫ్రిజ్‌లోనే చూస్తాం.

మీ నేలకు జీడిమామిడి వేయండి. పక్కనే మోరిలో జీడిపప్పు పరిశ్రమ ఉంది, పిక్కల అమ్మకానికి టెన్షన్ పడక్కర్లేదు. మనది వానలు బాగా పడే ప్రాంతమే అయినా, ఈ చెట్టు పూత, కాయ మీదుండే డిసెంబరు నుంచి మే దాకా మనకు వాన తక్కువ. దానికి కావలసింది అదే. పూత మీద ముసురు పట్టిందా, గుత్తులు నల్లబడిపోతాయి.

పిక్కలు నాటి పెంచకండి. మా నాన్న అలా వేసిన చెట్లలో ఏ రెండూ ఒకేలా కాయలేదు. బాపట్ల పరిశోధనా స్థానంవారి బీపీపీ-8 అంటు మొక్కలు అడగండి. ఎనిమిది మీటర్ల ఎడంతో ఎకరానికి అరవై పైచిలుకు పడతాయి. మూడో ఏడు నుంచి కాపు మొదలు. అంతకుముందు వచ్చే పూత తుంచెయ్యాలి, మనసు ఒప్పకపోయినా సరే.

ఇంకోటి, అంటు అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్ళను కనపడగానే గిల్లెయ్యండి. పెళ్ళిళ్ళ హడావుడిలో ఒక సీజన్ నేను తోట వైపే వెళ్ళలేదు. నాలుగు మొక్కల్లో కింది చిగురే చెట్టై కూర్చుంది, పైన అంటు కట్టిన కొమ్మ పుల్లలా ఎండిపోయింది. కొన్నది బీపీపీ-8, పెరిగింది ఎవరికీ తెలియని పిక్క మొక్క!

కొత్త చిగుళ్ళు, పూతకాడలు మాడినట్టు ఎండుతుంటే టీ దోమ అనే రసం పీల్చే పురుగు చేరిందని అర్థం. చిగురు దశలోనే మందు కొట్టాలి, పూత మాడాక కొట్టి ఉపయోగం లేదు. కాండం మొదట్లో రంపపు పొట్టు లాంటిది రాలి ఉంటే మాత్రం ఆ పూటే చూడండి, అది వేరు తొలిచే పురుగు. నాకు పెద్ద చెట్లు రెండు పోయాయి. పచ్చి పిక్కలు పిల్లల చేతికి ఇవ్వకండి, పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది.

సారపప్పు గురించి కూడా అడిగారు. అది రంపచోడవరం అడవుల చెట్టు. సరదాకి ఒకటి వేసుకోండి, రాబడి మాత్రం ఆశించకండి.

మొక్కలు కొనే ముందు భాద్రపదం వానల్లో చేలో మూడడుగుల గొయ్యి తవ్వి, వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే చూడండి. నీళ్ళు ఇంకిపోతే జీడి. నిలిచి ఉంటే కొబ్బరే వేసుకోండి, జీడి వేరు కుళ్ళిపోతుంది.