ఏడాది చిన్నవాళ్లతో ఆడించవచ్చా?

ప్రశ్న: మాది ఒంగోలు. చాలా కాలంగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి ఆగస్టు 29న పుట్టాడు. పదకొండేళ్లు నిండగానే, సెప్టెంబరులో వాణ్ణి అండర్-12 రగ్బీ జట్టుకు మార్చారు. జట్టులో అందరికంటే పొట్టివాడూ సన్ననివాడూ వాడే. మావారి ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, నాది అయిదడుగులు. ఒక్క ఏడాది అండర్-11 పిల్లలతోనే ఆడిస్తే దెబ్బలు తగలవు కదా అని మా అత్తగారు అంటున్నారు. కోచ్ మాత్రం అదంత సులభం కాదంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, రెడింగ్

జవాబు: మీ అత్తగారి మాటలో న్యాయం లేకపోలేదు. ఇంగ్లండ్‌లో పిల్లల రగ్బీ జట్లను బడి తరగతుల లెక్కన, అంటే సెప్టెంబరు 1 మొదలు ఆగస్టు 31 వరకు పుట్టినవారిని ఒక జట్టుగా తీసుకుని విభజిస్తారు గనుక, మీవాడు మూడు రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే ఇప్పటికీ అండర్-11లోనే ఉండేవాడు. అలా కానందువల్ల, తనకంటే దాదాపు ఏడాది పెద్దవారైన సెప్టెంబరు పిల్లలతో తలపడవలసి వస్తోంది. పైగా అండర్-11లో జట్టుకు తొమ్మిది మంది ఆడితే, అండర్-12లో పన్నెండు మంది ఆడతారు. అయినా కోచ్ చెప్పిందీ నిజమే. కింది వయసు జట్టులో ఆడించడం క్లబ్బు తనంతట తాను తీసుకునే నిర్ణయం కాదు. రగ్బీ సంఘం నిబంధనల ప్రకారం అందుకు పైనుంచి ముందస్తు అనుమతి కావాలి, అది చేతికి వచ్చేదాకా మ్యాచ్‌లో దించకూడదు.

అనుమతి కోరే ముందు మీరు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. పిల్లవాడు పొట్టిగా ఉండటం వేరు, ఆలస్యంగా ఎదగటం వేరు. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి గాని, ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు ఒకటి రెండేళ్లు వెనుకబడి, తరువాత తోటివారిని అందుకుంటాడు గనుక, అటువంటివాణ్ణి కొంతకాలం చిన్నవాళ్లతో ఆడించడంలో అర్థం ఉంది. తల్లిదండ్రుల పోలికతో పొట్టిగా ఉన్నవాడు మాత్రం ఈ ఏడాది కింది జట్టుకు వెళ్లినా, పై ఏడాది మళ్లీ ఇదే స్థితిలో నిలబడతాడు. ఈలోగా పెద్ద పిల్లలను టాకిల్ చేయడం, అంటే బంతితో పరుగెత్తేవాణ్ణి ఒడిసిపట్టి పడేయడం, నేర్చుకునే కాలం కాస్తా కరిగిపోతుంది. మీరు రాసిన ఎత్తులను బట్టి మీవాడు ఈ రెండో కోవకు చెందినవాడేమోనని నాకు అనిపిస్తోంది.

ఊహతో సరిపెట్టుకోనవసరం లేదు. పిల్లవాడి ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తులు తీసుకుని, పెద్దయ్యాక రాగల ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం వచ్చిందో అంచనా కట్టే ఖామిస్–రోష్ పద్ధతి 1994 నుంచి వాడుకలో ఉంది. ఇంగ్లండ్‌లోని ఫుట్‌బాల్ అకాడమీలు దీని ఆధారంగా పిల్లలను వయసును బట్టి కాక ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఆడించాయి. దానినే బయో-బ్యాండింగ్ అంటారు. మీవాడి రెడ్ బుక్ (పిల్లల ఎత్తు, బరువులను పట్టికలోని గీతల మీద గుర్తించే ఆరోగ్య పుస్తకం) దాచి ఉంటే, చిన్నప్పటి నుంచీ ఎదుగుదల ఒకే గీత వెంట సాగిందా, మధ్యలో కిందికి జారిందా అన్నది కూడా చూడండి. జారినట్లు కనిపిస్తే రగ్బీ మాట పక్కనపెట్టి ముందుగా మీ జీపీని (కుటుంబ వైద్యుణ్ణి) కలవండి.

మగపిల్లలు అందరికంటే వేగంగా ఎదిగేది సుమారు పద్నాలుగేళ్ల వయసులో; కొందరికి అది పన్నెండుకే వస్తుంది, కొందరికి పదహారు దాకా రాదు. కాబట్టి అసలు తేడాలు బయటపడేది అండర్-13 నుంచి అండర్-15 మధ్యనే. నా సలహా ఏమిటంటే, ఈ సీజను తన తరగతి స్నేహితులతోనే ఆడనిచ్చి, టాకిల్ మీద శ్రద్ధ పెట్టించండి. 2023–24 సీజను నుంచి ఇంగ్లండ్‌లో క్లబ్బు స్థాయి ఆటలో రొమ్ము ఎముక అడుగుభాగానికి కిందనే టాకిల్ చేయాలన్న నియమం ఉంది. పొట్టివాడికి అది కలిసొచ్చేదే. పరుగెత్తుకొచ్చే పిల్లవాడి ముందుకు కాకుండా వెనుకవైపుకు తల పెట్టడం అలవాటైందా లేదా అని కోచ్‌ను అడగండి. అది అలవడలేదంటే కింది జట్టులోనూ ప్రమాదమే. అలవడిన తరువాత కూడా మీవాడు బెదురుతూ బంతికి దూరంగా తిరుగుతుంటే, అప్పుడు అనుమతికి దరఖాస్తు చేయించండి.

ప్రశ్న: ఆక్లండ్‌లో పిల్లల రగ్బీకి వయసుతోపాటు బరువు పరిమితి కూడా చూస్తున్నారు. బరువెక్కువని మా పదేళ్లవాణ్ణి పెద్దవాళ్లలో కలిపారు. ఇది న్యాయమేనా?
— ఒక తండ్రి, ఆక్లండ్

జవాబు: సన్నటి పిల్లలకు న్యాయమే, మీవాడికి పూర్తిగా కాదు. ఒంట్లో బరువు ఉన్నంత మాత్రాన పెద్దవాళ్ల వేగం, ఆట తెలివి, మాటలు తట్టుకునే నిబ్బరం వచ్చేయవు. మినహాయింపు ఏమైనా దొరుకుతుందేమో క్లబ్బును అడగండి. దొరక్కపోతే, కొత్త జట్టులో మీవాడికి తెలిసిన పిల్లవాడు ఒక్కడైనా ఉండేలా చూడమనండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: బరువు తూచే రోజు దగ్గర పడుతోందని వాడి తిండి తగ్గించవద్దు, నీళ్లు మాన్పించవద్దు.