‘కొట్టేసింది’ అంటే పెళ్లి కాదు, ఆ పెళ్లి మీద వేసిన పిటిషన్

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విజయవాడ. మావారు లేరు. ఒక్కడే కొడుకు, డాలస్‌లో ఉద్యోగం. 2019లో అక్కడే, టెక్సస్‌లోనే, అమెరికా పౌరుడైన ఒక అబ్బాయిని చట్టప్రకారం పెళ్లి చేసుకున్నాడు. మొదట చాలా ఏడ్చాను, ఇప్పుడు ఇద్దరూ నా పిల్లలే అనుకుంటున్నాను. గ్రీన్ కార్డు కూడా ఆ పెళ్లి మీదే వచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ వివాహాల కేసు కొట్టేసిందని టీవీలో విని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తర్వాత పెళ్లి హక్కు అలాగే ఉందన్నారు. కానీ అక్కడి చర్చి పెద్దలు, కొందరు నాయకులు ఊరుకునేది లేదంటున్నారట. పిల్లల పెళ్లి చెల్లకుండా పోతుందా? నా పేరున ఉన్న ఇల్లు నా తర్వాత ఇద్దరికీ చెందేలా రాయవచ్చా? రాస్తే ఆ పిల్లాణ్ణి ఏమని రాయాలి?

జవాబు: అమ్మా, ముందు మీరు స్థిమితపడండి. కొట్టేసింది పెళ్లి హక్కును కాదు, ఆ హక్కు తీసేయమని అడిగిన పిటిషన్‌ను. నేను ఇక్కడి కోర్టుల్లో ప్రాక్టీసు చేసేవాణ్ణి. అక్కడి చట్టం చదివి నాకు అర్థమైనది చెబుతాను. కాగితాలు మాత్రం టెక్సస్ లాయరు చేతే రాయించాలి.

కెంటకీ రాష్ట్రంలోని రోవన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) కిమ్ డేవిస్ క్లర్కుగా, అంటే మ్యారేజ్ లైసెన్సులు ఇచ్చే అధికారిగా ఉండేవారు. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు ఒబర్గఫెల్ కేసులో 5-4 తేడాతో స్వలింగ జంటలకు పెళ్లి హక్కు ఉందని చెప్పింది. తన మత విశ్వాసం ఒప్పుకోదంటూ ఆమె మ్యారేజ్ లైసెన్సులు ఇవ్వలేదు. కోర్టు ధిక్కారం కింద కొన్నాళ్లు జైల్లో ఉన్నారు. ఆమె తిప్పి పంపిన ఒక జంట దావా వేస్తే, 2023లో జ్యూరీ ఒక్కొక్కరికి 50 వేల డాలర్ల పరిహారం ఇమ్మంది. ఆ పరిహారం మీద అప్పీలు చేస్తూ, పనిలో పనిగా ఒబర్గఫెల్ తీర్పునే రద్దు చేయమని అడిగారు. 2025 నవంబర్ 10న సుప్రీంకోర్టు ఆ పిటిషన్‌ను విచారణకు తీసుకోలేదు. కారణం రాయలేదు, ఏ జడ్జీ భిన్నాభిప్రాయం నమోదు చేయలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విచారణకు తీసుకోకపోవడమంటే పాత తీర్పు సరైనదేనని మళ్లీ తీర్పు చెప్పడం కాదు. తొమ్మిది మంది జడ్జీల్లో నలుగురు సరేనంటే కేసు విచారణకు వస్తుంది, ఈసారి ఆ నలుగురు కలవలేదు. అందుకే వ్యతిరేకులు దీన్ని ఓటమిగా ఒప్పుకోవడం లేదు. డేవిస్ తరఫున వాదించిన లిబర్టీ కౌన్సెల్ అనే సంస్థ ఈ పని ఆపేది లేదని ప్రకటించింది. అంతకుముందే, 2025 జూన్‌లో మీ అబ్బాయి ఉండే డాలస్‌లోనే సదరన్ బాప్టిస్టు చర్చిల మహాసభ ఒబర్గఫెల్‌ను తిరగదోడాలని తీర్మానించింది. ఐడహో శాసనసభ దిగువ సభ కూడా అదే ఏడాది అలాంటి తీర్మానమే చేసింది. అబార్షన్ హక్కు తీర్పు 1973లో వచ్చి 49 ఏళ్ల తర్వాత 2022లో పోయింది కదా, ఇదీ అంతేనన్నది వాళ్ల ఆశ. ఆ 2022 తీర్పులోనే జస్టిస్ థామస్ ఒబర్గఫెల్‌ను కూడా మళ్లీ చూడాలని విడిగా రాశారు. కాబట్టి మీ భయం ఉత్త భయం అని నేను కొట్టిపారేయను.

అయితే సంప్రదాయవాదులంతా ఒకే మాట మీద లేరు. పెళ్లి సంగతి రాజ్యాంగంలో లేదు, రాష్ట్రాలకే వదిలేయాలన్నది కొందరి న్యాయవాదం. 2015లో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ విభేదించింది కూడా ఇలాంటి కారణంతోనే. కొందరు పెళ్లి జోలికి పోకుండా, ఇష్టంలేని అధికారులకు మినహాయింపు ఇస్తే చాలంటున్నారు. 2025 అక్టోబరులో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ దారే పట్టింది, మత విశ్వాసం వల్ల పెళ్లి జరిపించనన్న జడ్జి నియమావళిని మీరినట్టు కాదంది. ఇంకొందరు రిపబ్లికన్లు 2022లో వివాహ గౌరవ చట్టానికి ఓటేశారు. సెనేట్‌లో 12 మంది, దిగువ సభలో 39 మంది.

మీ పిల్లలకు అసలైన రక్ష ఆ చట్టమే. పెళ్లి జరిగిన రోజున, జరిగిన చోట చెల్లితే చాలు, ఫెడరల్ ప్రభుత్వం, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం, దాన్ని గుర్తించి తీరాలి. తర్వాత ఆ రాష్ట్ర చట్టం మారినా ఆ లెక్క మారదు. గ్రీన్ కార్డు, పౌరసత్వం, ఆదాయపు పన్ను అన్నీ ఫెడరల్ ప్రభుత్వం చేతిలోవే. రేపు ఒబర్గఫెల్ పోయినా మీ అబ్బాయి గ్రీన్ కార్డు దానితో పోదు.

లోటు ఎక్కడంటే, రాష్ట్రాల మీద ఆ చట్టం పెట్టిన షరతు వేరే రాష్ట్రంలో జరిగిన పెళ్లిళ్లకు సంబంధించింది. వీళ్ల పెళ్లి టెక్సస్‌లోనే జరిగింది. ఆ రాష్ట్ర రాజ్యాంగంలో 2005 నాటి నిషేధం ఇంకా అలాగే ఉంది, ఒబర్గఫెల్ వల్ల పనిచేయడం లేదంతే. అందుకని ఇద్దరినీ విల్లు, వైద్య నిర్ణయాలకు ఒకటి, డబ్బు వ్యవహారాలకు ఒకటి పవర్ ఆఫ్ అటార్నీ ఇప్పుడే రాయించుకోమనండి. ఒకరు ఐసీయూలో ఉంటే రెండో వాళ్లు బయట నిలబడి పెళ్లి చెల్లుతుందని వాదించుకునే పరిస్థితి రాకూడదు.

నిజం చెప్పాలంటే మీ కుటుంబానికి పెద్ద చిక్కు డాలస్‌లో కన్నా విజయవాడలోనే ఉంది. మన సుప్రీంకోర్టుకు ఇదే హక్కు కోసం వెళ్లినవాళ్లలో హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ ఉన్నారు. ఆ కేసు వాళ్ల పేరుతోనే నడిచింది. 2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీల ధర్మాసనం పెళ్లి ప్రాథమిక హక్కు కాదంది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. 2018లో స్వలింగ సంబంధం నేరం కాదన్నారు, కానీ పెళ్లి అన్న గుర్తింపు ఇవ్వలేదు. అంటే మీ ఇల్లు మీ అబ్బాయికి వచ్చి, విల్లు రాయకుండా అతనికి ఏమన్నా అయితే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు ఎవరో దూరపు బంధువుకు పోతుందే తప్ప భర్తకు రాదు.

ఇల్లు మీ పేరున ఉందన్నారు. మీ సొంత ఆస్తే అయితే మీ ఇష్టం, ఎవరికైనా విల్లు రాయవచ్చు. ఇద్దరికీ చెరి సగం అని స్పష్టంగా రాయండి. ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి, విల్లులో వాటా ఉన్నవాళ్లు సాక్షులుగా వద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేయించండి, రేపు బంధువులు వంక పెట్టడం కష్టమవుతుంది. ఆ అబ్బాయి విదేశీ పౌరుడు కాబట్టి స్థిరాస్తి మీద ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు ఉంటాయి, రాసేముందు వాటిని మీ లాయరు చేత చూపించండి. మీ అబ్బాయి కూడా ఇక్కడి తన వాటాకు విడిగా విల్లు రాయాలి.

ఏమని రాయాలన్నారు. పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా తప్పు లేకుండా రాయండి. చట్టానికి కావాల్సింది అంతే. దాని ముందు ‘నా కొడుకు భర్త’ అని రాసినా, ‘నా రెండో కొడుకులాంటివాడు’ అని రాసినా విల్లు చెల్లుతుంది. అది మీ ఇష్టం అమ్మా.