తట్టు టీకా వేయిస్తే పిల్లలకు ఆటిజం వస్తుందా?

రాదు. ఈ భయానికి మూలం 1998లో బ్రిటన్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లలపై రాసిన వ్యాసం. వివరాలు తారుమారు చేశాడని తేలింది. 2010లో ఆ వ్యాసాన్ని వేసిన లాన్సెట్ అనే వైద్య పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది, ఆయన వైద్య గుర్తింపూ పోయింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఏ సంబంధమూ కనబడలేదు.

మరి అనుమానం ఎందుకు పోదు? మన దగ్గర రెండో డోసు 16–24 నెలల మధ్య వేస్తారు. పిలిస్తే పలకకపోవడం లాంటి ఆటిజం లక్షణాలను ఇంట్లో గమనించేదీ దాదాపు ఆ వయసులోనే.

గుంటూరులో మా వీధి బాబు ఒకడు స్టీలు గ్లాసులు వరుసగా పేరుస్తాడు, ఒక్కటి కదిలినా ఏడుస్తాడు. వాళ్ళమ్మను "ఏ సూది వేయించావమ్మా?" అని అడగనివాళ్ళు లేరు. తట్టుతో ప్రాణం పోయినా సరే గానీ ఇలాంటి బిడ్డ వద్దన్నట్టు! నిన్న నేనొక గ్లాసు అందించాను. తీసుకుని వరుస చివర పెట్టాడు.