గొట్టం పెట్టినా పొగ వంటింట్లోకే వస్తుంటే

అన్నా, కట్టెల పొయ్యికి కొత్తగా రేకు గొట్టం పెట్టించినా పొగంతా ఇంట్లోకే తన్నుతోందన్నారు కదా. పొయ్యిని పగలగొట్టకండి, తప్పు దానిది కాదు. గొట్టాన్ని గోడలోంచి అడ్డంగా తీసి చూరు కిందే ఆపేశారు, అక్కడే వచ్చింది చిక్కు. నిలువుగా లేపి, ఇంటి కొప్పు కంటే కనీసం 2 అడుగులు పైకి పోనివ్వండి. వంపు తప్పదంటే 90 డిగ్రీల ఎల్బో బదులు 45వి రెండు వేయించండి. మా ఇంట్లో ఆ ఒక్క మార్పుతోనే సగం పొగ తగ్గింది.

అతుకుల దగ్గర నల్లగా కారుతోందన్నారు. ముక్కలు తిరగేసి బిగించినట్టున్నారు. పై ముక్క అంచు కింది ముక్క లోపలికి దిగాలి, అప్పుడు పొగ వల్ల పేరుకునే నల్లటి తారు లోపలే జారిపోతుంది. మేస్త్రీలు కొందరు పై ముక్కను కింది ముక్క బయటికి తొడుగుతారు!

దూలం గొట్టానికి జానెడు దూరంలోనే ఉందంటే నాకు టెన్షన్‌గా ఉంది. మూరెడైనా ఖాళీ ఉండాలి. అది సరిచేసేదాకా పొయ్యి వెలిగించకండి. తర్వాత కూడా, నిప్పులుండగా తలుపులన్నీ మూసి అక్కడ పడుకోవద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.